చలి ప్రాంతాల్లో ఇంటి పునాదిపై ఊడిన పూతను ఎలా బాగుచేయాలి?

అమెరికాలోని చలి రాష్ట్రమైన మిన్నెసోటాలో తమ ఇంటి పునాది గోడకు బయటివైపు, చలిని ఆపేందుకు అమర్చిన పాలీస్టైరీన్ ఫోమ్ (థర్మాకోల్ లాంటి) పలకల మీది సిమెంటు పూత పెచ్చులుగా ఊడుతోందని, దానిపైనే మరో పూత వేస్తే సరిపోతుందా అని ఒకరు అడిగారు. సరిపోదు. పగుళ్లలోకి దిగిన నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచించి, ప్రతి చలికాలంలోనూ పూతను కొద్దికొద్దిగా పైకి లేపుతుంది కనుక, వదులైన పూత మీద వేసిన కొత్త పూత దానితోపాటే రాలిపోతుంది.

ముందుగా సుత్తితో మెల్లగా తట్టి చూసి, డొల్లగా మోగిన భాగమంతా గట్టి అంచు వచ్చేవరకు తొలగించాలి. ఎండ తగిలిన ఫోమ్ రంగు మారి, పైన పొడిపొడిగా అవుతుంది. ఆ పొడిని బ్రష్‌తో పూర్తిగా దులపకపోతే ఏ పూతా పట్టదు, చాలామంది పొరబడేది ఇక్కడే. పలక కదులుతుంటే దాన్ని గోడకు బిగించిన తరువాతే, పాలిమర్ (పట్టును పెంచే ప్లాస్టిక్ లాంటి పదార్థం) కలిపిన సిమెంటు పూతను పలుచగా వేసి, అది తడిగా ఉండగానే సిమెంటులోని క్షారాన్ని తట్టుకునే ఫైబర్‌గ్లాస్ జాలీని అందులో పొదిగి, పైన రెండో పొర వేయాలి. సాల్వెంటు (కరిగించే ద్రావకం) ఉన్న తారు పూతలను మాత్రం దయచేసి వాడకండి, అవి ఫోమ్‌ను కరిగించేస్తాయి.

రాత్రిపూట కూడా ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్‌కంటే తగ్గని రోజుల్లోనే ఈ పని పెట్టుకోవాలి. గోడ నుంచి మొదటి 10 అడుగుల్లో నేల కనీసం 6 అంగుళాలు బయటికి వాలి ఉండేలా మట్టిని కూడా అప్పుడే సరిచేయండి.