సిస్టిన్యూరియా ఉన్న బాబుకి పప్పు, గుడ్డు మాన్పించాలా?

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు, బరువు 25 కిలోలు. మూత్రంలో రాయి పడితే పరీక్ష చేయించాం. సిస్టిన్ రాయి అన్నారు, జబ్బు పేరు సిస్టిన్యూరియా అన్నారు. ప్రొటీన్ వల్లే వస్తుందని విని పప్పు, గుడ్డు, పాలు ఆపేశాం. టమాటా, పాలకూర కూడా పెట్టడం లేదు. రెండు నెలలుగా బరువు పెరగలేదు. ఏది ఎంత పెట్టాలి? వంట సోడా నీళ్లు తాగిస్తే రాయి కరుగుతుందంటున్నారు, నిజమేనా?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: ఆపినవన్నీ మళ్లీ మొదలుపెట్టండమ్మా. బరువు పెరగకపోవడం రాయి కన్నా చిన్న విషయమేమీ కాదు.

సిస్టిన్ అంటే ప్రొటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం. కిడ్నీలు వడకట్టిన సిస్టిన్‌ను తిరిగి రక్తంలోకి తీసుకోవాలి. ఈ జబ్బులో పుట్టుకతోనే ఆ పని సరిగ్గా జరగదు. మూత్రంలోకి పోయిన సిస్టిన్ సరిగా కరగక రాయి కడుతుంది. ఆహారంలోని ప్రొటీన్‌లో ఉండే మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం నుంచి శరీరం సిస్టిన్ తయారుచేసుకునే మాట నిజమే. కానీ ఆ మెథియోనిన్ లేకుండా పిల్లలు ఎదగరు. ప్రొటీన్ కోసేస్తే సిస్టిన్ తగ్గేది కొంచెం, ఎదుగుదలకు జరిగే నష్టం ఎక్కువ. అందుకే పిల్లల్లో ప్రొటీన్ తగ్గించమని చెప్పం, అతిగా పెట్టొద్దని మాత్రమే చెబుతాం. టమాటా, పాలకూర పథ్యం ఆక్సలేట్ రాళ్లకు సంబంధించింది, మీ బాబుకి అక్కర్లేదు.

ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకి 23 గ్రాముల ప్రొటీన్ చాలని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క. 150 గ్రాముల బియ్యంతో సుమారు 12, 30 గ్రాముల కందిపప్పుతో 7, గ్లాసు పాలతో 6, కప్పు పెరుగుతో 3 గ్రాములు వస్తాయి. ఇక్కడికే 28. వారంలో మూడు నాలుగు రోజులు ఒక గుడ్డు పెట్టవచ్చు. చికెన్ వండిన రోజు 50 గ్రాములు పెట్టి గుడ్డు మానండి. డబ్బాల్లో అమ్మే ప్రొటీన్ పొడులు మాత్రం వద్దు.

ప్రొటీన్ కన్నా గట్టిగా పట్టుకోవాల్సింది ఉప్పు. ఉప్పు పెరిగితే మూత్రంలోకి పోయే సిస్టిన్ కూడా పెరుగుతుంది. ఆవకాయ, అప్పడాలు, చిప్స్, ప్యాకెట్ నూడుల్స్ ఇంట్లో అందరికీ తగ్గించండి, లేకపోతే వాడొక్కడూ మానడు. మజ్జిగలో ఉప్పు వేయకండి.

అసలు చికిత్స నీళ్లు. లీటరు మూత్రంలో సుమారు 250 మిల్లీగ్రాముల సిస్టిన్ మాత్రమే కరుగుతుంది. 24 గంటల మూత్ర పరీక్షలో 400 వచ్చిందనుకోండి, దాన్ని కరిగి ఉంచడానికి 1.6 లీటర్ల మూత్రం కావాలి. ఈ బరువు పిల్లాడికి ద్రవాలు రోజుకి దాదాపు 2 లీటర్లతో మొదలుపెట్టి, పరీక్ష చూసి డాక్టరు సరిచేస్తారు. ఎండాకాలం చెమటలో పోయేది అదనం. అందుకే తాగిన నీళ్లతో పాటు పోసిన మూత్రం కూడా కొలవాలి.

చాలా ఇళ్లలో లెక్క తప్పేది రాత్రి. పగలంతా బాగా తాగించి, పక్క తడుపుతాడని సాయంత్రం ఆరింటికే ఆపేస్తారు. తెల్లవారేసరికి మూత్రం చిక్కబడుతుంది, రాయి పెరిగేది ఆ గంటల్లోనే. పడుకునే ముందు ఒక గ్లాసు ఇవ్వండి, అర్ధరాత్రి లేపి మూత్రం పోయించి మరో గ్లాసు తాగించండి. పక్క తడిస్తే తడవనివ్వండి, వాణ్ణి కోప్పడొద్దు. స్కూల్లో బాత్రూమ్ బాగోలేదని నీళ్లు మానేసే పిల్లలూ ఉంటారు. టీచరుతో ముందే మాట్లాడి, అడిగినప్పుడల్లా పంపేలా ఒప్పించండి.

వంట సోడా వద్దు. మూత్రం ఆమ్లగుణం తగ్గితే సిస్టిన్ బాగా కరుగుతుందనేది నిజమే, కానీ సోడాలోని సోడియం ఉప్పు చేసే చెడే చేస్తుంది. ఆ పనికి డాక్టర్లు పొటాషియం సిట్రేట్ రాస్తారు. కిడ్నీ పనితీరు, రక్తంలో పొటాషియం చూశాకే మోతాదు నిర్ణయిస్తారు. మూత్రం పీహెచ్ (ఆమ్లగుణం కొలత, అంకె పెరిగితే ఆమ్లం తగ్గినట్టు) 7 నుంచి 7.5 మధ్య ఉండాలి. ఇంట్లో స్ట్రిప్‌తో పొద్దున మొదటి మూత్రం, సాయంత్రం ఒకసారి చూసి పుస్తకంలో రాయండి. 7.5 దాటుతుంటే డాక్టరుకి చెప్పండి, అప్పుడు కాల్షియం ఫాస్ఫేట్ రాళ్లు మొదలవుతాయి.

నొప్పితో పాటు జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లండి. తోబుట్టువులుంటే వాళ్లకూ మూత్రంలో సిస్టిన్ పరీక్ష చేయించండి. ఒక్కొక్కరికీ ఈ జబ్బు ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు.