ఇల్లు బావగారి వీధిలోనా, నా హాస్పిటల్ దగ్గరా?

ప్రశ్న: మేడమ్, మేము కొన్నేళ్లుగా మెల్‌బోర్న్‌లో, టార్నీట్‌లో ఉంటున్నాం. నేను నర్సుని. బ్రిస్బేన్‌లో వుల్లన్‌గాబా దగ్గరున్న ఒక పెద్ద హాస్పిటల్‌లో నాకు మంచి పోస్టు వచ్చింది. నవంబర్‌లో చేరాలి. మావారిది ఐటీ ఉద్యోగం, ఇంటి నుంచే పని. కంపెనీ మెల్‌బోర్న్‌దే అయినా బ్రిస్బేన్ నుంచి చేసుకోమన్నారు. పాపకు వచ్చే మే నెలలో ఐదేళ్లు నిండుతాయి, ఇంకో ఏడాది కిండర్ ఉంది కాబట్టి స్కూలు గొడవ ఇప్పుడే లేదు.

మావారి పెదనాన్నగారి అబ్బాయి, అంటే నాకు బావగారు, బ్రిస్బేన్ శివార్లలో స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఉంటారు. తమ వీధి పక్కనే ఫ్రెండ్ ఇల్లు ఖాళీగా ఉందని, బాండ్ (అద్దె డిపాజిట్) డబ్బు ఆ ఫ్రెండ్ చేతికిస్తే చాలని, మనవాళ్లేగా, కాగితాలెందుకని అంటున్నారు. మావారు సరేననేశారు. నన్ను అడగలేదు. నేను ఫెయిర్‌ఫీల్డ్‌లో ఒక ఇల్లు చూశాను. హాస్పిటల్‌కి చాలా దగ్గర, రెంట్ కూడా తక్కువ. “కొత్త ఊళ్లో మనవాళ్లెవరూ లేని చోట పడేస్తావా? నీ ఉద్యోగం తప్ప నీకేం పట్టదా?” అంటున్నారాయన. రెండు వారాలుగా సరిగ్గా మాటల్లేవు. నేను నిజంగా స్వార్థంగా ఆలోచిస్తున్నానా?

సమాధానం: ముందు పాప సంగతి మాట్లాడదాం. మీరిద్దరూ ఇంత వాదించుకున్నారు గానీ, ఆ వాదనలో పాప ఎక్కడా లేదు.

మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో స్కూల్లో చేరే ఏడాది ఏప్రిల్ 30 నాటికి ఐదేళ్లు నిండాలి. అందుకే ఇంకో ఏడాది కిండర్ ఉందని మీరు లెక్క వేసుకున్నారు. బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్‌లో ఆ తేదీ జూన్ 30. అంటే మేలో ఐదేళ్లు నిండే మీ పాప వచ్చే జనవరి చివర్లోనే ప్రెప్‌లో, అంటే ఒకటో తరగతికి ముందుండే స్కూలు మొదటి ఏడాదిలో, చేరవచ్చు. ఇంకా చిన్నది, ఒక ఏడాది ఆగుదాం అనుకుంటే అదీ తప్పు కాదు, కాకపోతే స్కూల్ ప్రిన్సిపల్‌తో ముందే మాట్లాడాలి. చేర్పించాలనుకుంటే మాత్రం మీకు చేతిలో ఉన్నది రెండు మూడు నెలలే. అక్కడ చాలా ప్రభుత్వ స్కూళ్లు తమ పరిధిలో ఉన్న పిల్లలకే ముందు సీటిస్తాయి. ఆ పరిధిలో ఉంటున్నామని చూపడానికి లీజు కాగితం అడుగుతాయి. ఎడ్‌మ్యాప్ అని క్వీన్స్‌లాండ్ ప్రభుత్వ మ్యాప్ ఒకటుంది, అందులో అడ్రస్ కొడితే అది ఏ స్కూలు కిందికి వస్తుందో కనిపిస్తుంది. ఒకే సబర్బ్‌లో రోడ్డుకి ఇటువైపు ఒక స్కూలు, అటువైపు ఇంకో స్కూలు కావచ్చు. అందుకని “సబర్బ్ మంచిదేనా” అని అడిగితే సరిపోదు, ఇంటి నంబరుతో సహా చూసుకోవాలి.

ఇక గడియారం సంగతి. క్వీన్స్‌లాండ్‌లో డేలైట్ సేవింగ్ లేదు. అక్టోబర్ మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా మెల్‌బోర్న్ టైమ్ బ్రిస్బేన్ కంటే గంట ముందుంటుంది. మీవారికి మెల్‌బోర్న్ టీమ్‌తో తొమ్మిదింటి మీటింగ్ ఉంటే, అది బ్రిస్బేన్‌లో ఎనిమిది. మీకు ఏడింటి షిఫ్ట్ ఉన్న రోజు పాపని లేపి, తయారుచేసి, స్కూల్లో దింపాల్సింది కూడా ఆ ఎనిమిది చుట్టుపక్కలే. ఈ లెక్క మీరిద్దరూ కూర్చుని వేశారా? వెయ్యలేదనే అనుకుంటున్నాను, వేసి ఉంటే ఉత్తరంలో ఎక్కడో ఒకచోట కనిపించేది. స్కూలు నడిచి వెళ్లేంత దూరంలో ఉండడం, స్కూలు మొదలయ్యే ముందు పిల్లల్ని చూసుకునే కేర్‌లో సీటు దొరకడం మీ ఇంటికి బావగారి వీధి కంటే, మీ హాస్పిటల్ కంటే కూడా ముఖ్యం కావచ్చు.

మీ షిఫ్టుల మాటకొస్తే, స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి సిటీ వైపు ఇంచుమించు ముప్పై కిలోమీటర్లు. రైలు ఉంది, బాగానే ఉంది, ముప్పావు గంటలో సిటీలో దిగుతారు. అక్కడి నుంచి వుల్లన్‌గాబా వైపు మళ్లీ మారాలి. తొమ్మిది నుంచి అయిదు దాకా ఆఫీసు చేసేవాళ్లకి అది మామూలు ప్రయాణమే. రాత్రి తొమ్మిదిన్నరకి డ్యూటీ దిగి, తెల్లారి ఏడింటికి మళ్లీ ఎక్కే రోజులు నర్సులకి ఉంటాయి. ఆ రాత్రి మీకు నిద్ర ఎన్ని గంటలో మీవారికి తెలియకపోవచ్చు. ఇన్నాళ్లూ పక్కనే ఉన్న మనిషికి తెలియదా అని కోపం తెచ్చుకోకండి. ఒక వారం రోస్టర్ కాగితం మీద రాసి, స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి అయితే ఎన్నింటికి లేవాలో, ఎన్నింటికి ఇల్లు చేరతారో పక్కన రాసి ఆయన ముందు పెట్టండి. మాటలతో రెండు వారాలు చెప్పినా ఎక్కనిది ఆ కాగితంతో ఎక్కవచ్చు.

మీరు స్వార్థపరులు కారు. మీ ఉద్యోగం కోసమే ఇల్లు మారుతున్నప్పుడు ఆ ఉద్యోగం చెయ్యగలిగే చోట ఇల్లు కావాలనుకోవడం అన్నిటికంటే మామూలు కోరిక. మిమ్మల్ని అడగకుండా మాటిచ్చేయడం మీవారు చేసిన తప్పు, అందులో సందేహం లేదు. కానీ ఆయన భయంలో నిజం ఉంది, మీరు దాన్ని చూడలేదనిపిస్తోంది.

బ్రిస్బేన్‌లో అడుగుపెట్టిన మొదటి వారానికే మీకు వార్డులో పదిమంది పరిచయమవుతారు. మీ నర్సు రిజిస్ట్రేషన్ కూడా దేశమంతా ఒక్కటే, ఆ రిజిస్ట్రేషన్లు చూసే సంస్థ ఆప్రాలో అడ్రస్ మార్చుకుంటే సరి, మీ పని మీరు మొదలుపెట్టేస్తారు. మరి ఆయన? పొద్దున లేస్తే లాప్‌టాప్, మధ్యాహ్నం లాప్‌టాప్, మీకు లేట్ షిఫ్ట్ ఉన్న సాయంత్రం పాపతో ఒక్కరే. టార్నీట్‌లో గుమ్మం దిగితే తెలుగు వినిపిస్తుంది, వారాంతానికి స్నేహితులుంటారు. అవన్నీ వదిలి వస్తున్నది మీ ఉద్యోగం కోసం. ఆ మాట పైకి అంటే మిమ్మల్ని వెనక్కి లాగినట్టవుతుందని ఆయన అనలేకపోతున్నారేమో. అన్నయ్య ఇంటి పక్కన ఉండాలన్న పట్టు అక్కడి నుంచి వచ్చి ఉండవచ్చు. ఇంటి నుంచి పనిచేసే మగవాళ్లకి కొత్త ఊళ్లో మనుషులు దొరకడం చాలా కష్టం. భార్యతో పాటు వచ్చిన వాళ్లకి మరీ కష్టం, దాని గురించి ఎవరూ అడగరు కూడా. మీరైనా అడగండి. “నేను డ్యూటీలో ఉన్నప్పుడు నీకు అక్కడ రోజెలా గడుస్తుందనుకుంటున్నావు?” అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా సబర్బ్ పేరెత్తకండి.

బావగారు చెప్పిన ఇల్లు ఎంత బాగున్నా, ఆ పద్ధతిలో మాత్రం తీసుకోకండి. క్వీన్స్‌లాండ్‌లో అద్దె ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. బాండ్ నాలుగు వారాల అద్దెకు మించకూడదు, ఓనర్ దాన్ని పది రోజుల్లోపు రెసిడెన్షియల్ టెనన్సీస్ అథారిటీలో, అంటే ఆర్‌టీఏలో జమ చెయ్యాలి. చేతికిచ్చిన డబ్బు రేపు గోడ మీద గీత గురించి గొడవొస్తే ఏమవుతుంది? మీరు ఓనర్‌తో పోట్లాడలేరు, బావగారి ముఖం చూసి ఊరుకుంటారు. ఆయనా మీ ఇద్దరి మధ్య నలిగిపోతారు. “మనవాళ్లేగా” అన్నచోటే కాగితం ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. పైగా పాప స్కూలుకి చూపించడానికి మీకు లీజు కావాలి కదా. లీజులో ఇద్దరి పేర్లూ ఉండాలి.

ఫెయిర్‌ఫీల్డ్ ఇంటికి మీరూ తొందరపడకండి. రెంట్ ఎందుకు తక్కువగా ఉందో కనుక్కున్నారా? 2011 జనవరి వరదల్లో, 2022 ఫిబ్రవరి వరదల్లో బ్రిస్బేన్ నది పక్కనున్న చాలా సబర్బులతో పాటు ఫెయిర్‌ఫీల్డ్‌లోనూ నీళ్లొచ్చాయి. సబర్బ్ మొత్తం మునగదు, ఎత్తు మీదున్న వీధులు బాగానే ఉంటాయి. ఫ్లడ్‌వైజ్ ప్రాపర్టీ రిపోర్ట్ అని బ్రిస్బేన్ సిటీ కౌన్సిల్ ఉచితంగా ఇస్తుంది, అడ్రస్ కొడితే ఆ స్థలానికి వరద ముప్పు ఎంతో తెలుస్తుంది. పాప నిద్రపోయే గది నేల అంతస్తులో ఉంటే ఈ రిపోర్ట్ చూడకుండా అప్లికేషన్ పెట్టొద్దు. ఇంట్లో సామానుకి ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు కూడా వరద కవర్ అవుతుందో లేదో ఆ అడ్రస్‌కే అడగాలి.

ఈ రెండిళ్లూ పక్కనబెట్టి మూడో వైపు చూడమంటాను. సౌత్ ఈస్ట్ బస్‌వే ఎయిట్ మైల్ ప్లెయిన్స్ నుంచి అప్పర్ మౌంట్ గ్రావాట్, హాలండ్ పార్క్ వెస్ట్ మీదుగా వుల్లన్‌గాబా వైపు వెళ్తుంది. బస్సులకే వేసిన రోడ్డు కాబట్టి ట్రాఫిక్‌లో ఇరుక్కోదు. ఆ చుట్టుపక్కల భారతీయ కుటుంబాలూ ఉన్నాయి, మీవారు భయపడినంత ఒంటరితనం ఉండదు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నాలుగు గదుల ఇల్లొచ్చే డబ్బుకి ఇక్కడ బహుశా టౌన్‌హౌసే వస్తుంది. కొన్నాళ్లు ఇరుకుగా ఉంటే ఏమీ కాదు. పైగా 2024 ఆగస్టు నుంచి క్వీన్స్‌లాండ్‌లో బస్సెక్కినా రైలెక్కినా టికెట్ 50 సెంట్లే. ఆదివారాలు బావగారింటికి వెళ్లడానికి ఖర్చు అడ్డం కాదు.

లీజు ఆరు నెలలకు అడగండి. ఏజెంట్ ఏడాదికే ఇస్తానంటే కూడా ప్రాణం మీదికేం రాదు. 2024 సెప్టెంబర్ చివరి నుంచి అక్కడ మధ్యలో ఖాళీ చేస్తే కట్టాల్సిన దానికి పరిమితి ఉంది. ఏడాది లీజులో పావు వంతు గడవకముందే వెళ్లిపోతే నాలుగు వారాల అద్దె, సగం దాటాక వెళ్తే రెండు వారాలది, ముప్పావు దాటాక ఒక వారానిది. ఈ సంగతి మీవారికి తప్పకుండా చెప్పండి. జన్మంతా ఉండే ఇల్లు ఎంచుకుంటున్నామనే టెన్షన్‌తో మీరిద్దరూ ఇంత బిగుసుకుపోయారు. ఆరు నెలలకి స్ప్రింగ్‌ఫీల్డే నయమనిపిస్తే వెళ్లవచ్చు, పాప స్కూలు మారడం ఒక్కటే అక్కడ ఆలోచించాల్సింది.

కుదిరితే మీరొక్కరే ముందు వెళ్లి బావగారింట్లో కొన్నాళ్లు ఉండి డ్యూటీకి వెళ్లి రండి. ఎన్నాళ్లో తేదీతో సహా ముందే చెప్పి వెళ్లండి, లేకపోతే అతిథి మర్యాద ఎప్పుడు మొహమాటంగా మారిందో ఎవరికీ తెలియదు. తెల్లవారుజామున మీరు బయలుదేరడం మీ తోటికోడలు రోజూ చూస్తారు. “ఇది చాలా దూరం అమ్మాయ్” అని ఆవిడే అనే అవకాశం ఎక్కువ. ఆ మాట వాళ్ల నోటి నుంచి వస్తే మీరు అన్న పది మాటల పెట్టు. ఒకవేళ ఆ ప్రయాణం మీకే భారం అనిపించకపోతే, అప్పుడు స్ప్రింగ్‌ఫీల్డ్‌కి సరేనండి, అందులో ఓడిపోయిందేమీ లేదు.

ఆ ఇల్లు వద్దనుకుంటే, బావగారికి ఆ మాట చెప్పాల్సింది మీవారే. మీరు చెబితే అది కోడలు కాదన్నట్టవుతుంది. “అన్నయ్యా, తన షిఫ్టులకి దూరమవుతోంది, పాపకి జనవరిలోనే స్కూలట, అందుకని ఈసారికి అటు చూస్తున్నాం. నువ్వు మా తరఫున ఇన్‌స్పెక్షన్లకి వెళ్లి ఇళ్లు చూసి పెట్టాలి” అని అడిగితే చాలు. వేరే రాష్ట్రం నుంచి అప్లై చేసేటప్పుడు లోపలికి వెళ్లి చూసే మనిషి ఒకరు నిజంగానే కావాలి. చాలామంది ఏజెంట్లు ఇల్లు చూడకుండా అప్లికేషన్ తీసుకోరు. కుళాయి తిప్పి, గోడల చెమ్మ చూసి, ఫోన్‌లో వీడియో తీసి పంపే పని ఆయనది. సాయం చేద్దామనే ఇల్లు చూపించారు ఆయన, ఆ సాయాన్ని ఇటు తిప్పుకోండి.

మీవారు బావగారికి చేసే ఈ ఫోన్ లీజు మీద సంతకం పెట్టకముందే జరగాలి. తర్వాత తెలిస్తే బావగారి మనసు నొచ్చుకుంటుంది, ఆ నింద మీ మీదకే వస్తుంది. అంతకంటే ముందు, ఈ వారంలోనే, మీకు నచ్చిన రెండు మూడు స్కూళ్లకి ఫోన్ చేసి వచ్చే ఏడాది ప్రెప్‌లో సీట్లున్నాయో లేదో కనుక్కోండి. ఆ ఫోన్ మీవారి చేత చేయిస్తే మరీ మంచిది.