బళ్ళో లైంగిక విద్య చెప్తే చిన్నవయసు గర్భాలు తగ్గుతాయా?

అడిగినవారు ఒడిశాలో గుణుపూర్ వైపు ఒక హైస్కూలు తల్లిదండ్రుల కమిటీలో ఉన్నారు. తొమ్మిదో తరగతికి లైంగిక విద్య క్లాసులు పెడతామంటే సగం మంది "పిల్లలు చెడిపోతారు" అన్నారట, మిగతా సగం "ఇది పెడితే ఈ చిన్నవయసు కడుపులు ఆగిపోతాయి" అన్నారట. ఎవరి మాట నిజం అన్నది ప్రశ్న.

ఇద్దరిదీ కాదండీ. రెండు పక్షాలూ ఆ క్లాసుకి లేని బలాన్ని అంటగడుతున్నాయి.

విన్నంత మాత్రాన పిల్లలు తొందరపడరు. చాలా దేశాల అధ్యయనాలు చూశాక యునెస్కో 2018లో సవరించిన మార్గదర్శకంలోనూ ఇదే ఉంది. అలాగని పాఠం ఒక్కటే గర్భాలను ఆపదు. వైద్య ప్రయోగాలన్నీ కలిపి తూచి చూసే కోక్రేన్ సంస్థ సమీక్ష ఒకటి 2016లో వచ్చింది. అది 8 పెద్ద ప్రయోగాలను, 55 వేల మందికి పైగా పిల్లలను లెక్కలోకి తీసుకుంది. బళ్ళో పాఠం చెప్పి ఊరుకున్న చోట గర్భాల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. బడి మానకుండా ఉండేందుకు కాస్త డబ్బో, ఉచిత యూనిఫారమో ఇచ్చిన చోట మాత్రం తగ్గే సూచన కనబడింది. ఇంగ్లండులో 1999లో మొదలైన పథకం పాఠంతో పాటు కుర్రకారు మొహమాటం లేకుండా వెళ్ళగలిగే క్లినిక్కులు కూడా పెట్టింది. 2014 నాటికి అక్కడ 18 ఏళ్ళ లోపు గర్భాలు సగానికి పైగా తగ్గాయి. భయపెట్టి ఆపుదామనుకున్నవాళ్ళ కథ ఇంకోలా ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో రాత్రంతా ఏడ్చే మరబొమ్మ పాపను అమ్మాయిల చేతికిచ్చి పెంచమన్నారు. తీరా చూస్తే 20 ఏళ్ళ లోపు గర్భం వచ్చినవాళ్ళు బొమ్మ పెంచిన గుంపులో 17 శాతం, పెంచని గుంపులో 11 శాతం!

ఇక మన వైపు సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో అప్పటికే తల్లులైనవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు కలిపి దేశంలో 6.8 శాతం, ఒడిశాలో 7.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం. "ఇటు కొండల్లోనే ఈ గొడవంతా, ఆంధ్రాలో చదువుకున్నోళ్ళు" అనే మనవాళ్ళు ఆ చివరి అంకె ఒకసారి చూసుకోవాలి. వీళ్ళలో ఎక్కువమంది పెళ్ళయినవాళ్ళే. పెద్దలు చేసిన పెళ్ళో, లేచిపోయి చేసుకున్నదో, ఏదో ఒకటి. అందుకే పెళ్ళి ఊసు లేని లైంగిక విద్య ఇక్కడ సగం పాఠం.

అందుకే తొమ్మిదో తరగతి దాకా ఆగడం నాకు నచ్చలేదు. ఊళ్ళో బడి ఎనిమిదితో అయిపోయి, హైస్కూలు ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న చోట, ఎవరికి ఈ మాటలు ఎక్కువ అవసరమో ఆ పిల్లలు తొమ్మిదికి రానే రారు. ఎనిమిదిలో మొదలుపెట్టండి, వేసవి సెలవులకు ముందే ముఖ్యమైనదంతా చెప్పెయ్యండి. పెళ్ళి ముహూర్తాలు, వలస పనులు, పది పరీక్షలయ్యాక వచ్చే ఖాళీ, అన్నీ ఆ రెండు నెలల్లోనే పడతాయి.

కొత్తగా అనుమతి కోసం తిరగనక్కర్లేదు. 2020లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ బడి ఆరోగ్య కార్యక్రమంలో ప్రతి బడికీ ఇద్దరు టీచర్లను, వీలైతే ఒక మగ ఒక ఆడ, ఆరోగ్య రాయబారులుగా పెట్టాలి. 11 అంశాలు, వారానికో గంట చొప్పున ఏడాదికి 24 గంటలు. ఎదుగుదల, ప్రజనన ఆరోగ్యం అందులోవే. కమిటీ అడగాల్సింది "పెడతారా లేదా" అని కాదు, "మన బళ్ళో ఆ ఇద్దరు ఎవరు, శిక్షణ అయిందా, టైంటేబుల్లో ఏ పీరియడు" అని. మామూలుగా జరిగేదేమిటంటే, ఆ పీరియడులో లెక్కల సారు సిలబస్ పూర్తి చేసుకుంటాడు.

క్లాసు ఎక్కడ చెడుతుందంటే, ముందు భాష దగ్గర. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, పక్క బెంచీలో కుయి, సవర మాట్లాడే పిల్లలు. పుస్తకంలో ఉన్న "ఋతుస్రావ"కీ, ఇంట్లో వినే "బయట ఉండటం", "ముట్టు"కీ ముడి పడక అదేదో వేరే జబ్బనుకునే పిల్లలున్నారు. మొదటి గంటలో పాఠం వద్దు. బోర్డు మీద నిలువు గీతలు గీసి, ఒక్కో సంగతికి ఒక్కో భాషలో ఇంట్లో ఏమంటారో పిల్లల చేతే చెప్పించి రాయండి: నెలసరి, సమర్తాడటం, నెల తప్పడం, కడుపు రావడం. నవ్వుతారు, నవ్వనివ్వండి. పావుగంటలో ఆ నవ్వు అయిపోతుంది. తర్వాత ఆ మాటలతోనే పాఠం నడుస్తుంది.

రెండోది ప్రశ్నల డబ్బా. దీన్ని అందరూ పెడతారు, చాలామంది తప్పుగా పెడతారు. వరండాలో తాళం వేసి వేలాడదీస్తే అందులో చీటీ వెయ్యడానికి ఎవడూ వెళ్ళడు, అందరూ చూస్తుంటారు కాబట్టి. చెప్పుల అట్టపెట్టె చాలు. ఏ4 కాగితం ఒకటి ఎనిమిది ముక్కలు చేసి, అందరికీ ఒకే సైజు ముక్క, ఒకే రంగు పెన్ను. మూడు నిమిషాలు. ప్రశ్న లేనివాళ్ళు బోర్డు మీదున్న వాక్యం ఒకటి చూసి రాయాలి. అన్ని పెన్నులూ కదులుతుంటే ఎవరు అడుగుతున్నారో తెలియదు. నాలుగు మడతలు పెట్టి పెట్టెలో వెయ్యాలి. చేతిరాత క్లాసు టీచరు ఇట్టే పట్టేస్తారు కనక ఆ చీటీలు వేరే క్లాసు టీచరో, ఏఎన్ఎం దీదీయో (ఊరి ఆరోగ్య కేంద్రం నర్సు) చదవాలి. జవాబులు వచ్చే వారం. అప్పటికప్పుడు చెప్పబోతే కష్టమైన చీటీని పక్కన పెట్టేయడమే జరుగుతుంది. తెలుగు మాటలు ఒడియా అక్షరాల్లో రాసినవి చాలా వస్తాయి, చదవగలిగేవాళ్ళను ముందే చూసుకోండి.

ఆ చీటీల్లో తరచు వచ్చేవి ఇవీ. మొదటిసారి కలిస్తే కడుపు రాదా? వస్తుంది. పెద్దమనిషి కాకముందు? అప్పుడూ రావచ్చు, ఎందుకంటే మొదటి ముట్టుకి సుమారు రెండు వారాల ముందే అండం విడుదల కావచ్చు. తర్వాత కడుక్కుంటే? ఏమీ ఉపయోగం లేదు. బొప్పాయి తింటే పోతుందా? దాన్ని నమ్ముకుంటే వారాలు గడిచిపోతాయి, అంతే. "సేఫ్ రోజుల" లెక్క గురించి మాత్రం బోర్డు మీద వేసి చూపించాలి, నోటితో చెబితే ఎక్కదు. అండం వచ్చే నెలసరికి సుమారు 14 రోజుల ముందు విడుదలవుతుంది. 28 రోజులకొకసారి వచ్చే పిల్లకి అది 14వ రోజు, 35 రోజులకొచ్చే పిల్లకి 21వ రోజు. వీర్యకణాలు లోపల 5 రోజుల దాకా బతుకుతాయి. ఈ వయసులో ఒక నెల 24 రోజులకు, ఇంకో నెల 42 రోజులకు రావడం మామూలే. వచ్చే నెలసరి ఎప్పుడో తెలియనప్పుడు దానికి 14 రోజుల ముందు ఎప్పుడో ఎలా లెక్కపెడతారు? ఈ ఒక్క ప్రశ్న పిల్లల చేత వేయిస్తే చాలు, కేలండర్ మీద నమ్మకం పోతుంది.

మగపిల్లలకు వేరే గదిలో చెప్పినా సరే, చెప్పకుండా మాత్రం వదలొద్దు. పదకొండు, పన్నెండు తరగతులకు నిరోధ్ వాడకం ఏఎన్ఎం చేతనో హెల్త్ వర్కరు చేతనో చెప్పించవచ్చు. తేదీ చూడటం, పొట్లంలో గాలి ఉందో లేదో వేలితో నొక్కి చూడటం, పంటితో చింపకపోవడం, కొన దగ్గర గాలి పిండెయ్యడం, తీసేటప్పుడు మొదట్లో పట్టుకోవడం. పర్సులో నెలల తరబడి పెట్టుకున్నది వేడికి పాడవుతుంది. కొబ్బరినూనె రాస్తే రబ్బరు చిరుగుతుంది. ఈ చివరిది మన ఇళ్ళల్లో చెప్పి తీరాల్సిన సంగతి, ప్రతి దానికీ కొబ్బరినూనే కదా.

కలిశాక గర్భం రాకుండా వేసుకునే 72 గంటల మాత్ర అంటే లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములది. మెడికల్ షాపులో ఐ-పిల్ పేరుతో దొరుకుతుంది, ఆశా దీదీ దగ్గర కూడా ఉంటుంది. మొదటి రోజు వేసుకుంటే పనిచేసినంత బాగా మూడో రోజు పనిచెయ్యదు. వేసుకున్న 2 గంటల్లోపు వాంతయితే మళ్ళీ వేసుకోవాలి. అప్పటికే ఉన్న గర్భాన్ని అది తీసెయ్యదు. దీన్నీ గర్భస్రావం మాత్రల కిట్టునీ ఒకటే అనుకోవడం చాలా ప్రమాదం. ఆ కిట్టుని డాక్టరు చూడకుండా వాడితే గర్భం గర్భసంచిలో కాక గొట్టంలో ఉన్న సంగతి తెలియక, లేదా సగం మిగిలిపోయి, రక్తం పోతూ 108 ఎక్కే పరిస్థితి వస్తుంది.

పాఠం పనిచేస్తుందా లేదా అన్నది క్లాసు గది బయట తేలుతుంది. నెల తప్పిన పిల్ల ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఆశా దగ్గర ఉండే నిశ్చయ్ కిట్టుతో పొద్దున్నే మొదటి మూత్రం రెండు మూడు చుక్కలు వేసి 5 నిమిషాల్లో చూడాలి. రెండు గీతలు వస్తే, రెండోది లేతగా ఉన్నా సరే, గర్భమే. కిట్టు మీద 'C' అక్షరం దగ్గర గీత రాకపోతే కిట్టు చెడిపోయినట్టు, ఇంకోటి తీసుకోవాలి. గర్భం లేదని వచ్చినా నెలసరి రాకపోతే వారానికి మళ్ళీ చెయ్యాలి. డాక్టరు వారాలు చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెడతారు. పిల్ల "నెల తప్పి ఒక నెల దాటింది" అంటే అప్పటికే 8 వారాలు. ఈ తేడా తెలియకే చాలామంది ఆలస్యం చేస్తారు. చట్ట ప్రకారం గర్భస్రావానికి 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. మైనరు విషయంలో 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో వీలుంది. సంరక్షకుల సంతకం తప్పనిసరి.

ఆ పిల్లని గుమ్మం దగ్గరే ఆపేసేది పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం భయం. 2012 నాటి ఆ చట్టంలో 18 లోపు వాళ్ళ ఇష్టానికి లెక్క లేదు. తెలిసినవాళ్ళు, టీచరైనా డాక్టరైనా, పోలీసులకు చెప్పాలి, చెప్పకపోతే అది నేరం. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు కొంత వెసులుబాటు ఇచ్చింది: మైనరు, సంరక్షకులు కోరితే గర్భస్రావం చేసే డాక్టరు ఆ నివేదికలో పిల్ల పేరు, వివరాలు బయటపెట్టనక్కర్లేదు. ఇది తెలిసిన తల్లిదండ్రులు చాలా తక్కువ, కమిటీ మీటింగులో చెప్పండి. టీచరుకి మాత్రం ఆ వెసులుబాటు లేదు. అందుకే మొదటి క్లాసులోనే "పేరు లేని చీటీ మా మధ్యే ఉంటుంది, మీరే వచ్చి ఫలానా సంగతి జరిగిందని చెబితే మేం దాచలేం, సాయం తెస్తాం" అని ముందే చెప్పాలి. "ఎవరికీ చెప్పం" అని మాటిచ్చి తర్వాత పోలీసులకు చెబితే ఆ బళ్ళో ఇంక ఎవరూ నోరు విప్పరు. ఒడిశాలో పెద్ద ఆసుపత్రుల్లో కుర్రవయసు వాళ్ళ కోసం శ్రద్ధా క్లినిక్కులున్నాయి. సలహాకి, నెలసరి తేడాలకి అక్కడికి పంపడంతో అలవాటు చెయ్యండి.

హాస్టళ్ళలో సెలవుల నుంచి తిరిగొచ్చిన అమ్మాయిలందరికీ మూత్ర పరీక్ష చేయించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దాన్ని నివారణ అనడం నాకు అర్థం కాదు. అనుమానం ఉన్న పిల్ల సెలవులయ్యాక హాస్టలుకి రావడమే మానేస్తుంది, అంతే.

పెళ్ళి దగ్గర ఆపాలంటే వయసు కాగితం కావాలి. ఆధార్‌లో తేదీ నచ్చినట్టు వేయించుకున్న కేసులెన్నో. వయసు తేల్చాల్సి వచ్చినప్పుడు బాలల న్యాయ చట్టం ముందు అడిగేది స్కూలు సర్టిఫికెట్టు, అది లేకపోతే పురపాలక లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. అంటే బడి రిజిస్టరులో పుట్టినతేదీ సరిగ్గా ఉంటే అది ఆ పిల్లకి ఆయుధం. ముహూర్తం సరిహద్దు దాటి ఆంధ్రాలో పార్వతీపురం వైపో పాతపట్నం వైపో పెట్టుకుంటే ఇక్కడి అధికారులు రారని కొందరి ధీమా. పిల్లల సాయానికి పెట్టిన ఫోను 1098, రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే నంబరు. ఊరు, తేదీ, పెళ్ళి జరిగే చోటు చెబితే చాలు, చెప్పినవాళ్ళ పేరు అక్కర్లేదు.

మీటింగుకి మళ్ళీ పిలిచినప్పుడు సారు ఉపన్యాసం వద్దు. క్లాసులో చూపించబోయే చార్టులే అమ్మలకు సాయంత్రం పూట, తెలుగులో, మగవాళ్ళు లేకుండా చూపించండి. అభ్యంతరాలు సగం అక్కడే పోతాయి. తర్వాత ఆశా దీదీ పేరు, శ్రద్ధా క్లినిక్కు తెరిచే రోజు, 1098, ఈ మూడూ ఒక కాగితం మీద రాయించి అంటించండి. నోటీసు బోర్డు మీద మాత్రం వద్దు. మరుగుదొడ్డి తలుపు లోపలి వైపు, అమ్మాయిలదానికీ అబ్బాయిలదానికీ. అక్కడైతే నిలబడి చదివినా చూసేవాళ్ళుండరు. తెలుగు చదవడం రాని తెలుగు పిల్లల కోసం ఆ మాటలే ఒడియా అక్షరాల్లో రాయించండి.