బీజెడ్‌సీ చదివిన అమ్మాయికి జన్యువుల డేటాబేస్‌ల వైపు దారి ఉందా?

ప్రశ్న: మాది దేవరకొండ. మా అమ్మాయి నల్లగొండలో బీఎస్సీ బీజెడ్‌సీ రెండో సంవత్సరం చదువుతోంది. నీట్‌లో సీటు రాలేదు. ఈమధ్య కాలేజీలో ఎవరో సింగిల్ సెల్ డేటాబేస్‌ల గురించి చెప్పారట, ఆ వైపే వెళ్తానంటోంది. బీఎడ్ చేస్తే టీచర్ ఉద్యోగమైనా వస్తుందని నా ఆశ. ఏం చేయమంటారు?

జవాబు: దారి ఉందండీ, కాకపోతే పొడవైనది. అసలు ఆమె దేని మీద మనసు పడిందో ముందు మీకు తెలియాలి.

లక్షల మంది డీఎన్‌ఏను పోల్చిన పరిశోధనల నుంచి, ఏ మార్పుకు ఏ లక్షణంతో, ఏ జబ్బుతో సంబంధం ఉందో నమోదు చేసే డేటాబేస్ ఒకటుంది. పేరు జీవాస్ కేటలాగ్ (GWAS Catalog). 2008 నుంచి నడుస్తోంది. అయితే ఆ మార్పు ఒంట్లో ఏ కణంలో పనిచేస్తోందో దాన్నిబట్టి తెలియదు. అది తెలియాలంటే ఒక్కో కణాన్నీ విడిగా చదివిన డేటా, అంటే మీ అమ్మాయి విన్న సింగిల్ సెల్ డేటా కావాలి. 2016లో మొదలైన హ్యూమన్ సెల్ అట్లాస్ లాంటి ప్రాజెక్టులు అందుకే.

వంశపారంపర్యంగా వచ్చే సికిల్ సెల్ రక్త జబ్బునే చూడండి. పుట్టకముందు ఉండే ఫీటల్ హీమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా ఎక్కువగా ఉన్నవాళ్లలో ఈ జబ్బు తీవ్రత తక్కువ. ఆ ఫీటల్ హీమోగ్లోబిన్‌ను తగ్గించే జన్యువు బీసీఎల్11ఏ (BCL11A) అని డీఎన్‌ఏ పోలికల వల్లే బయటపడింది. పోనీ ఆ జన్యువును ఆపేద్దామంటే, అది మెదడు కణాల్లోనూ, రోగనిరోధక బీ కణాల్లోనూ అవసరం. చివరికి ఎర్ర రక్తకణాలు తయారయ్యే చోట మాత్రమే దాన్ని నడిపించే చిన్న డీఎన్‌ఏ ముక్కను శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. ఆ ముక్కను కత్తిరించే క్యాస్‌జెవీ చికిత్సకు 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతిచ్చాయి. జన్యువుతో పాటు కణం కూడా తెలియడం ఎంత ముఖ్యమో చూశారు కదా!

మీ అమ్మాయిని ఈ వారమే కాలేజీ కంప్యూటర్‌లో సింగిల్ సెల్ డేటా ఉండే సెల్‌బైజీన్ (CELLxGENE) వెబ్‌సైట్ తెరవమనండి. ఉచితమే. బీసీఎల్11ఏ పేరు కొడితే కణాల వారీగా చుక్కలు కనిపిస్తాయి. చుక్క పెద్దదైతే ఆ రకం కణాల్లో ఎక్కువ వాటిలో ఆ జన్యువు పనిచేస్తోందని, రంగు ముదిరితే మోతాదు ఎక్కువని అర్థం. అదే జన్యువును జీవాస్ కేటలాగ్‌లోనూ వెతికి, రెండూ కలిపి తనకేం అర్థమైందో తెలుగులోనే రెండు పేజీలు రాయమనండి.

ఇక్కడ బీజెడ్‌సీ చదువు పెద్ద బలం. ఈ డేటాను విశ్లేషించడానికి కావాల్సిన కోడింగ్ ఆర్నెల్లలో ఓ దారికి వస్తుంది. కానీ ‘ఈ కణానికి పెట్టిన పేరు తప్పేమో’ అని అనుమానం రావాలంటే జీవశాస్త్రం వచ్చి ఉండాలి. లోటు లెక్కల్లోనే. ఇంటర్‌లో బైపీసీ కాబట్టి స్టాటిస్టిక్స్‌తో పాటు పైథాన్ లేదా ఆర్ (R) అనే కోడింగ్ భాష ఇప్పుడే మొదలుపెట్టాలి. ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితంగా వినొచ్చు. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటూ లక్షలు అడిగే ప్రైవేటు సర్టిఫికెట్ కోర్సులకు మాత్రం దయచేసి డబ్బు కట్టకండి.

డిగ్రీతోనే ఉద్యోగం దొరకడం కష్టం, ఎమ్మెస్సీ తప్పదు. సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ, కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం సాయంతో నడిచే కోర్సులకు గ్యాట్-బీ, మన రాష్ట్ర యూనివర్సిటీలకు సీపీగెట్ రాయాలి. పరిశోధనలోకి వెళ్లాలనుకుంటే ఆ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష. అందులో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. పీహెచ్‌డీ కోసం మీరు అప్పు చేయాల్సిన పని ఉండదు. ఊరికి దూరమవుతుందన్న బెంగ కూడా వద్దు, జీవశాస్త్ర పరిశోధన సంస్థలు సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

ఈ రంగంలో మనవాళ్ల అవసరం చాలా ఉంది. ఇప్పటివరకు పోగైన డేటాలో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్నవాళ్లది. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు మన దేశంలో 10 వేల మంది జన్యుపటాలు సేకరించింది. వాటిని అర్థం చేసుకోవడానికి జీవశాస్త్రం తెలిసిన పిల్లలు కావాలి.

బీఎడ్ ఎక్కడికీ పోదు, ఎడ్‌సెట్ డిగ్రీ తర్వాత ఏ ఏడాదైనా రాయవచ్చు. ఆ రెండు పేజీలు ఆమె ఇష్టంగా రాసి, ఇంకో జన్యువు వెతుకుతుంటే ఫైనలియర్‌లో సీయూఈటీ పీజీకి అప్లై చేయించండి. నోటిఫికేషన్ మామూలుగా డిసెంబరు, జనవరి ప్రాంతంలో వస్తుంది. రాయడానికే విసుగు పుట్టిందంటే, అప్పుడు బీఎడ్ మాట మీరే ఎత్తండి.