తమ్ముణ్ని డైరెక్టర్ని చేశారు, నాకు మాత్రం భయంగా ఉంది

ప్రశ్న: మేడమ్, నాకు 31 ఏళ్లు, పెళ్లయింది. తమ్ముడికి 24. బీకామ్ అయ్యాక రెండేళ్లు ఖాళీగా ఉండి, పోయిన ఏడాది సిటీకి వెళ్లి ఒక చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో బిల్లులు ఎంటర్ చేసే పనిలో చేరాడు. ఆరు నెలలు తిరక్కుండానే ఎండీ పిలిచి, నువ్వు మా ఇంటి మనిషివి అంటూ కంపెనీలో డైరెక్టర్ని చేశారు. జీతం కొద్దిగా పెరిగింది, చేసే పని మాత్రం అదే. నాన్న సంతోషానికి హద్దు లేదు, ఊళ్లో ఫ్లెక్సీ కూడా కట్టించారు. ఈ మధ్య నేనూ మావారూ 'ది హడ్‌సకర్ ప్రాక్సీ' అనే పాత ఇంగ్లిష్ కామెడీ చూశాం. అందులో అమాయకుణ్ని తీసుకొచ్చి ప్రెసిడెంట్ కుర్చీలో కూర్చోబెడతారు. చూస్తుంటే తమ్ముడే గుర్తొచ్చాడు. ఒక సీన్ కట్ చేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టి "అచ్చం మన డైరెక్టర్ గారే" అని రాశాను. అందరూ నవ్వారు. వాడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు, నా ఫోన్ ఎత్తడం లేదు. అమ్మేమో నాకు కుళ్లు అంటోంది. నా భయం నిజమేనా, నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా?

జవాబు: మీ భయంలో న్యాయం ఉందమ్మా. మీరు దాన్ని బయటపెట్టిన తీరే బాగాలేదు. ఈ రెండూ కలిసిపోవడం వల్లే ఇంట్లో ఎవరికీ మీ మాట ఎక్కడం లేదు, కాబట్టి ముందు వాటిని విడదీద్దాం.

ఆ సినిమా చూడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మీ ఇంటి సమస్య సగం అందులోనే ఉంది. 1994లో కోయెన్ సోదరులు తీసిన చిత్రం అది, కథాకాలం 1958, చోటు న్యూయార్క్. ఇండియానా రాష్ట్రంలోని మన్సీ అనే చిన్న ఊరి నుంచి నార్విల్ అనే కుర్రాడు (టిమ్ రాబిన్స్ వేశాడు) బిజినెస్ డిగ్రీ పట్టుకుని వస్తాడు. అనుభవం లేదని ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. చివరికి ఒక పెద్ద కంపెనీలో ఉత్తరాలు పంచే పని దొరుకుతుంది. అదే సమయానికి ఆ కంపెనీ పెట్టినాయన 44వ అంతస్తు కిటికీలోంచి దూకి చనిపోతాడు. కొత్త సంవత్సరం రాగానే ఆయన షేర్లు బయటివాళ్లు కొనుక్కునే వీలొస్తుంది. అవి బోర్డు పెద్దలకే చవగ్గా దక్కాలంటే షేరు ధర పడిపోవాలి, ధర పడాలంటే పైన ఒక తెలివితక్కువవాడు కూర్చోవాలి. ఉత్తరం ఇవ్వడానికి వచ్చిన నార్విల్ వాళ్ల కంటపడతాడు. వాడికి పదవి ఎందుకొచ్చిందో వాడికి తప్ప అందరికీ తెలుసు.

మీరు సగంలో నవ్వు ఆపేసింది ఇక్కడే అనుకుంటా. అనుమానం రావాల్సిన చోటే వచ్చింది. కానీ ఆ కుర్రాణ్ని గొయ్యిలోకి తోసింది బోర్డు ఒక్కటే కాదు. అమీ అనే పత్రికా విలేఖరి తనదీ వాళ్ల ఊరేనని అబద్ధం చెప్పి వాడి ఆఫీసులో చేరుతుంది, వాడు ఎంత మొద్దో పేపర్లో రాసి ఊరంతా నవ్వేలా చేస్తుంది. వాడు మంచివాడని, వాణ్ని వాడుకుంటున్నారని ఆమెకు తర్వాత అర్థమవుతుంది, మనసూ మారుతుంది. కానీ తన గురించి అలా రాసింది ఆమేనని వాడికి తెలిశాక ఆమె నిజం చెప్పినా వినే స్థితిలో ఉండడు. మీరు గ్రూపులో పెట్టిన క్లిప్పు మీ తమ్ముడికి అలాగే తగిలింది. రెండేళ్లు ఖాళీగా కూర్చుని పెళ్లిళ్లలో "ఏం చేస్తున్నావు బాబూ" అనే ప్రశ్న తప్పించుకు తిరిగిన పిల్లాడతను. మొదటిసారి నలుగురిలో గౌరవం దొరికితే, అదీ సొంత అక్క చేతుల మీదుగా నవ్వులపాలయింది. ఫోన్ ఎత్తకపోవడంలో వింతేముంది?

అందుకే మొదటి పని కంపెనీ గురించి కాదు. గ్రూపులో క్లిప్పు డిలీట్ చేయండి. అందరూ చూస్తుండగా నవ్వారు కాబట్టి అందరూ చూసేలాగే "నేను అలా పెట్టాల్సింది కాదు, తమ్ముడికి సారీ" అని రాయండి. అతనికి విడిగా ఒక చిన్న మెసేజ్ పెట్టండి, "నిన్ను పదిమందిలో చిన్నబుచ్చాను, తప్పు నాదే, నీకు వీలున్నప్పుడు వచ్చి కలుస్తాను" అని. అంతే. కింద "కానీ నేను చెప్పింది కూడా ఆలోచించు" అని ఒక్క ముక్క తగిలించారా, సారీ కాస్తా మళ్లీ క్లాసు పీకినట్టు అవుతుంది. మావారితో చెప్పిస్తాను, మామయ్యతో చెప్పిస్తాను అని మధ్యవర్తుల్ని దింపకండి. బస్సెక్కి మీరే వెళ్లండి, ఒక్కరే.

ఇక అసలు విషయం. అంతా మోసమే అని నేను అనడం లేదు. మన 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి. రెండో మనిషి తప్పుకున్నప్పుడు నమ్మకస్తుడైన ఉద్యోగి పేరు పెట్టే యజమానులు ఉన్నారు, అందులో దురుద్దేశం లేని సందర్భాలూ ఉంటాయి. అలాగే అప్పులు, పన్నుల బకాయిలు మెడ మీదికి వచ్చాక సంతకానికి ఇంకొకరి చెయ్యి వెతికేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు డ్రైవరైనా, ఆఫీస్ బాయ్ అయినా, కొత్తగా చేరిన కుర్రాడైనా పర్వాలేదు, ఎదురు ప్రశ్న వేయకపోతే చాలు. మీ తమ్ముడి ఎండీ ఏ రకమో నాకూ తెలియదు, మీకూ తెలియదు. కాగితాలు చూస్తే తెలుస్తుంది. అందుకని అతనితో కూర్చున్నప్పుడు "నిన్నే ఎందుకు చేశారు" అని అడగకండి. ఆ ప్రశ్న అతనికి "నీకు అంత సీను లేదు" అన్నట్టే వినిపిస్తుంది. "డైరెక్టర్ అయ్యాక నీ దగ్గరికి ఏమేం వస్తున్నాయిరా, నాకూ చూపించు" అనండి. గర్వంగానే చూపిస్తాడు. చూపిస్తూ చూపిస్తూ ఎక్కడో ఒక చోట తనే ఆగుతాడు. అక్కడ మీరు మాట్లాడకుండా ఉండగలిగితే మీరు వెళ్లిన పని అయినట్టే.

చూడాల్సినవి చెబుతాను. డైరెక్టర్‌గా ఉండటానికి ఒప్పుకుంటున్నానని డీఐఆర్-2 అనే పత్రం మీద సంతకం పెట్టి ఉంటాడు, దాని కాపీ తన దగ్గర ఉందా? డీఐఎన్ అని డైరెక్టర్‌ని గుర్తించే ఎనిమిది అంకెల నంబరు వచ్చి ఉంటుంది, అది తనకు తెలుసా? కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వాళ్ల ఎంసీఏ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి కంపెనీ పేరు కొడితే డైరెక్టర్లు ఎవరు, ఏ తేదీ నుంచి ఉన్నారు, కంపెనీ ఆస్తులు తాకట్టు పెట్టి ఎక్కడెక్కడ అప్పు తెచ్చారు అన్నవి కనిపిస్తాయి. బ్యాలెన్స్ షీట్లు, వార్షిక రిటర్నులు చివరగా ఎప్పుడు దాఖలయ్యాయో కూడా చూడండి. వరుసగా మూడేళ్లు దాఖలు చేయని కంపెనీలో డైరెక్టర్‌గా ఉంటే అయిదేళ్లపాటు ఏ కంపెనీలోనూ డైరెక్టర్‌గా నియమించడానికి వీలుండదు. రేపు సొంతంగా ఏదైనా పెట్టుకుందామనుకున్నా అది అడ్డొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది డిజిటల్ సిగ్నేచర్. చూడటానికి మామూలు పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది, పిన్ నంబరు కొడితే పనిచేస్తుంది, దాంతో వేసిన సంతకం చట్టం దృష్టిలో మీ తమ్ముడు స్వయంగా పెట్టిన సంతకమే. చాలా ఆఫీసుల్లో ఇది అకౌంటెంట్ టేబుల్ సొరుగులో, పేరు రాసిన స్టిక్కర్ అంటించి, పిన్ కూడా అదే స్టిక్కర్ మీద రాసి పడి ఉంటుంది. దాంతో ఏ ఫారాలు వెళ్తున్నాయో ఆ పేరుగల మనిషికే తెలియదు. మీ తమ్ముడిది ఎవరి సొరుగులో ఉందో కనుక్కోండి. ఫోన్‌కి ఓటీపీ వచ్చినప్పుడల్లా "అన్నా, ఓటీపీ చెప్పు" అని ఎవరైనా అడుగుతున్నారా, చెబుతున్నాడా? ఆ మెసేజీలు ఫోన్‌లో ఉంటాయి, ఒక్కటీ డిలీట్ చేయొద్దని చెప్పండి. ఆ సినిమాలో నార్విల్ చేతికి ఒక నీలం కవరు అప్పగిస్తారు. కంపెనీ అసలు ఎవరికి చెందాలో చెప్పే ఉత్తరం అందులో ఉంటుంది, పాపం వాడు దాన్ని ఇవ్వడం మరిచిపోయి కథ చివరిదాకా తన దగ్గరే ఉంచుకుంటాడు. మీ తమ్ముడి కంపెనీ సంగతి తేల్చే ఆధారం కూడా చాలావరకు అతని ఫోన్‌లోనూ మెయిల్‌లోనూ ఉండి ఉంటుంది.

తర్వాత బ్యాంకు సంగతి. కంపెనీ అప్పుకి సొంత పూచీ ఇస్తూ ఎక్కడైనా సంతకం పెట్టాడా అని నెమ్మదిగా అడగండి. గుర్తులేదంటే అతని పేరు మీదున్న అప్పుల వివరాలు చూపే క్రెడిట్ రిపోర్ట్ తీయించండి, ఏడాదికి ఒకసారి ఉచితంగానే వస్తుంది. ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇచ్చాడంటే అది చాలా ప్రమాదం. చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు, సంతకం పెట్టినవాడి మీదికీ కేసు రావొచ్చు. కంపెనీ జీఎస్టీ కట్టకుండా, కంపెనీ దగ్గర వసూలు కాకుండా పోతే ప్రైవేట్ కంపెనీ డైరెక్టర్ల దగ్గర వసూలు చేసే అధికారం చట్టంలో ఉంది, తన నిర్లక్ష్యం వల్ల కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత డైరెక్టర్‌దే. "నేను బిల్లులు ఎంటర్ చేసేవాణ్నండీ, నాకేం తెలియదు" అంటే సరిపోదు. ఇవన్నీ ఒక్కరోజే అతని నెత్తిన కుమ్మరించకండి, మీరు తెలుసుకుని ఉండండి చాలు.

అంతా సవ్యంగానే ఉందని తేలితే సంతోషం, ఆ సంగతి అతనితోనే ఒప్పుకోండి, డిజిటల్ సిగ్నేచర్ మాత్రం తన దగ్గరే పెట్టుకోమనండి. తేడా కనిపిస్తే తప్పుకోవాలి. డైరెక్టర్ రాతపూర్వకంగా రాజీనామా ఇస్తే అది కంపెనీకి అందిన రోజు నుంచి, లేదా అందులో తర్వాతి తేదీ ఏదైనా రాస్తే ఆ తేదీ నుంచి అమల్లోకి వస్తుంది, ఎండీ గారు ఒప్పుకోవాల్సిన పని లేదు. చేతికిచ్చి రావడం కాకుండా మెయిల్‌లోనూ రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపాలి. ఆ కాపీని కారణాలతో సహా 30 రోజుల్లోగా డీఐఆర్-11 ఫారంలో కంపెనీల రిజిస్ట్రార్‌కి తనే పంపుకునే వీలుంది. తప్పనిసరి కాకపోయినా మీ విషయంలో పంపించి తీరాలంటాను, కంపెనీ వాళ్లు తమ వైపు నుంచి దాఖలు చేయకుండా నాన్చితే చేతిలో అదే గట్టి ఆధారం. ఆ ఫారానికి డిజిటల్ సిగ్నేచర్ కావాలి, అందుకే దాని గురించి అంతగా చెప్పాను. వాళ్లు తిరిగి ఇవ్వకపోతే పాతది రద్దు చేయించి కొత్తది తీసుకోవచ్చు. తప్పుకున్నా, పదవిలో ఉన్న కాలంలో జరిగిన వాటికి జవాబుదారీ పోదు, కాబట్టి రాజీనామాకి ముందే కంపెనీ చట్టం పనులు చూసే బయటి కంపెనీ సెక్రటరీనో మంచి లాయర్నో కలవండి. ఫీజుకి ఇబ్బందైతే న్యాయ సేవల సంస్థ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేస్తే ఉచిత సాయం ఎవరెవరికి దొరుకుతుందో చెబుతారు.

ఇదంతా అతను వింటాడా? మొదటిసారి వినకపోవచ్చు. "నీకేం తెలుసు, సార్ అలాంటివారు కాదు" అంటాడు. వాదించకండి, వారం ఆగి మళ్లీ వెళ్లండి. మీ తమ్ముడు తెలివితక్కువవాడని మాత్రం మీరు మనసులో కూడా అనుకోకూడదు. నార్విల్ కాగితం మీద ఒక గుండ్రం గీసుకుని అందరికీ చూపిస్తుంటే అంతా నవ్వుతారు. 1958లో అమెరికా పిల్లల్ని నిజంగానే ఊపేసిన హులా హూప్ అది, సినిమాలో బోర్డు ఎత్తునంతా తలకిందులు చేసేస్తుంది. మనిషిని నమ్మడం వేరు, బుర్ర లేకపోవడం వేరు. మీ తమ్ముడికి బీకామ్ ఉంది, రోజూ ఆ కంపెనీ బిల్లులు చూస్తున్నాడు. అసలు లెక్కలు ఎక్కడ తేడా కొడుతున్నాయో చెప్పగలిగితే అతనే చెప్పగలడు.

నాకు నిజంగా బెంగగా ఉన్నది ఇంకొకటి. నిజం బయటపడితే అతన్ని కుంగదీసేది కేసు కంటే ముందు సిగ్గు. సినిమాలో అన్నీ తిరగబడ్డాక నార్విల్ కొత్త సంవత్సరం ముందురోజు రాత్రి అదే ఎత్తైన కిటికీ అంచు మీదికి వెళ్తాడు. అది కామెడీ కాబట్టి, జారి పడిపోతుంటే గడియారంతో పాటు కాలమే ఆగి వాడు బతికిపోతాడు. మీ తమ్ముడు తిండి మానేసినా, నిద్రపోకపోయినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, "నాన్నకి మొహం ఎలా చూపించను" లాంటి మాట వచ్చినా తేలిగ్గా తీసుకోకండి, ఒంటరిగా వదలకండి, "చచ్చిపోవాలని అనిపిస్తోందా" అని సూటిగానే అడగండి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. మీకు టెన్షన్ ఎక్కువైనా అదే నంబరుకి చేయొచ్చు.

మీ అమ్మగారి మాటకి వస్తే, కుళ్లు అన్నారని మనసు కష్టపెట్టుకోకండి, ఆ క్లిప్పు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. మీరు ఇప్పుడే ఆమె దగ్గర రుజువులు పరిచి నెగ్గాలని చూడొద్దు. మీ నాన్నగారికి మాత్రం కాగితాలు చూశాక, లాయర్‌తో మాట్లాడాక, ఏం చేయబోతున్నారో ఇద్దరికీ స్పష్టత వచ్చాక చెప్పండి. చెప్పేది మీ తమ్ముడే అయ్యుండాలి, మీరు పక్కన కూర్చోండి. ఫ్లెక్సీ సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తకుండా మీవారికి కూడా ముందే చెప్పి ఉంచండి.