మార్కులు తక్కువైనా ‘ఫ్యూయెల్’ ఆడదగ్గ ఆటే

‘ఫ్యూయెల్’ అనే వీడియో గేముకు విమర్శకులు అంతంత మాత్రం మార్కులే వేశారు కదా, ఇప్పుడు పాత డిస్కు కొనడం దండగేనా అని ఒకరు అడిగారు. దండగ కాదు, కొనండి. 2009లో వచ్చిన మట్టిదారి రేసింగ్ ఆటల్లో సమీక్షకులు ఏమాత్రం అర్థం చేసుకోనిది ఇదే.

వాళ్లు ఎత్తిచూపిన లోపాల్లో కొన్ని నిజమే. బండ్లకు బరువున్నట్టు అనిపించదు. పందేలు ఒకే మూసలో సాగుతాయి. నా పేచీ అంతా ‘ప్రపంచం ఖాళీగా ఉంది’ అన్న మాటతోనే. ఆ ఆటలో తిరగగలిగే నేల దాదాపు 14,400 చదరపు కిలోమీటర్లు. అందుకు గిన్నిస్ రికార్డు కూడా దక్కింది. మన బెంగళూరు అర్బన్ జిల్లా లాంటివి ఆరు అందులో పడతాయి. వాతావరణం చెడి, తుపానులకు జనం వదిలేసి పోయిన అమెరికా అది. అక్కడ అడుగడుగునా అంగళ్లు, మనుషులు ఉండాలని కోరుకోవడం ఏ రకం విమర్శ?

బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉన్నప్పుడు నా గదిలో హిందూపురం నుంచి వచ్చిన అన్న ఒకాయన ఉండేవాడు. వాళ్ల నాన్నగారు లారీ నడిపేవారు. అన్నకు వీడియో గేముల మీద ఏ ఆసక్తీ లేదు. ఒక శనివారం రాత్రి నేను పందెంలో వెనకబడి విసుక్కుంటుంటే మంచం మీద పడుకునే చూస్తూ, ‘‘ఆ దారి చూపే బాణాల వెంట ఎందుకు పడతావు తమ్ముడూ? అదిగో, ఆ కొండ మీదికి పోనివ్వు’’ అన్నాడు. పందెం వదిలేసి నా నాలుగు చక్రాల క్వాడ్ బైకును కొండకేసి తిప్పాను. సగం ఎక్కాక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి తప్ప బండి కదలడం లేదు. ‘‘నేరుగా ఎక్కించకు, అడ్డంగా కోసుకుంటూ పో’’ అన్నాడు. అలాగే ఎడమకూ కుడికీ వంకర్లు తిప్పుకుంటూ పైకి చేరాను. కింద మేము వదిలొచ్చిన దారి దారంలా కనిపిస్తోంది. దూరంగా ఇంకో కొండల వరుస. ‘‘అక్కడికి పోవచ్చా?’’ అని అడిగాడు. పోవచ్చు. కంటికి ఆనిన ప్రతి చోటికీ, మధ్యలో ఎక్కడా లోడింగ్ కోసం ఆగకుండా పోవచ్చు. అన్న లేచి కూర్చుని చెయ్యి చాపి కంట్రోలర్ తీసుకున్నాడు. ఇక ఆ రాత్రి నాకు తిరిగి ఇవ్వలేదు.

  

ఇలాంటి రాత్రికి పదికి ఎన్ని మార్కులు వేస్తారు? గడువులోగా సమీక్ష రాయాల్సినవాడు పందేలు గబగబా ముగించి, గెలిస్తే వచ్చే స్టార్లు పోగేసుకుని పోతాడు. పనిలేకుండా కొండలెక్కే తీరిక అతనికి ఎక్కడిది? అదే ఏడాది అదే ప్రచురణకర్త కోడ్‌మాస్టర్స్ నుంచి ‘కాలిన్ మెక్‌రే డర్ట్ 2’ వచ్చింది. దాన్ని అందరూ మెచ్చుకున్నారు. మంచి ఆటే, కాదనను. కానీ అందులో దారి పక్కనున్న కొండ చూడటానికే తప్ప ఎక్కడానికి కాదు.

‘ఫ్యూయెల్’ను తయారుచేసిన ఫ్రాన్సు సంస్థ అసోబో స్టూడియో 2020లో విమానం నడిపే ఆట ‘మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్’ తెచ్చింది. ఈసారి ఏకంగా భూగోళమంతా ఇచ్చి, గమ్యం లేకుండా తిరగమంది. విమర్శకులు ఆహా ఓహో అన్నారు. 2009లో తప్పుగా తోచిన విశాలత విమానం ఎక్కేసరికి ఒప్పయిపోయింది! ఆ పాత సమీక్షలను ఎవరైనా మళ్లీ రాయాలి.

పీసీ డిస్కు మాత్రం వద్దు. మైక్రోసాఫ్ట్ ఎప్పుడో వదిలేసిన ‘గేమ్స్ ఫర్ విండోస్ లైవ్’ అనే ఆన్‌లైన్ సేవ మీద అది ఆధారపడింది, ఇన్‌స్టాల్ దగ్గరే ప్రాణం తీస్తుంది. ప్లేస్టేషన్ 3 గానీ ఎక్స్‌బాక్స్ 360 గానీ ఉంటే బెంగళూరు గాంధీనగర్ నేషనల్ మార్కెట్‌లో పాత డిస్కుల అంగళ్లు వెతకండి. గీతలు పడ్డాయేమో వెలుతురులో తిప్పి చూసి, బేరమాడి తీసుకోండి. ఇంటికొచ్చాక పందేలుండే ‘కెరీర్’ జోలికి పోకుండా, ముందు ఇష్టమొచ్చినట్టు తిరిగే ‘ఫ్రీ రైడ్’ తెరవండి.