టెక్ సందేహాలు: పాత సాఫ్ట్‌వేర్ సీడీ, దాని మెనూ, అందులో వెతికే పద్ధతి

సందేహం: నా దగ్గర 1990ల మధ్యకాలపు షేర్‌వేర్ (ముందు వాడి చూసి, నచ్చితే డబ్బు చెల్లించే సాఫ్ట్‌వేర్) సీడీ ఒకటి ఉంది. దానితో వచ్చిన మెనూ ప్రోగ్రాము డాస్‌బాక్స్‌లో (పాత ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ కోసం రాసిన ప్రోగ్రాములను నేటి కంప్యూటరులో నడిపే సాఫ్ట్‌వేర్) బాగానే తెరుచుకుంటోంది కానీ, అందులో వెతకడం మాత్రం నాకు పట్టుబడడం లేదు. ఫ్లాపీలలో ఏయే ఫైళ్లున్నాయో జాబితా తయారుచేసే ప్రోగ్రాము కోసం ‘డిస్క్ క్యాటలాగ్’ అని ఇంగ్లీషులో టైప్ చేస్తే ఒక్క ఫలితమూ రాలేదు. ‘డిస్క్’ అని మాత్రమే ఇస్తే వందల పేర్లు వచ్చాయి. ఎలా వెతకాలి?

జవాబు: ఆ మెనూ దేనిని చదువుతోందో తెలుసుకుంటే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. నేటి సెర్చ్ ఇంజిన్లు మనమిచ్చిన మాటకు పర్యాయపదాలు చూస్తాయి, అక్షరదోషాలను సవరించుకుంటాయి, మాటల వరుస మారినా సర్దుకుంటాయి. డాస్ కాలపు మెనూ ప్రోగ్రాములలో చాలా వాటికి ఆ శక్తి లేదు. మీరిచ్చిన అక్షరాలు క్యాటలాగ్‌లో, అంటే సీడీలోని ఫైళ్ల జాబితాలో, ఫైలు పక్కనున్న వివరణలో ఎక్కడైనా ఉన్నవి ఉన్నట్లుగా కనిపిస్తున్నాయా అని మాత్రమే అవి చూస్తాయి. రెండు మాటల మధ్య మీరిచ్చిన ఖాళీ కూడా వాటికి ఒక అక్షరమే కాబట్టి, ఆ రెండు మాటలూ అదే వరుసలో పక్కపక్కన ఉన్న వివరణ ఏదీ లేనప్పుడు సున్నా ఫలితం రావడం సహజం.

పైగా ఆ వివరణలు చాలా చిన్నవి. ఆ రోజుల్లో ప్రోగ్రాము రాసినవారే తమ జిప్ ఫైలులో ‘ఫైల్ ఐడీ డిజ్’ అనే చిన్న టెక్స్ట్ ఫైలును చేర్చేవారు. అందులో వరుసకు 45 అక్షరాల చొప్పున 10 వరుసల వరకు రాసుకోవచ్చునన్నది అప్పటి ఒప్పందం. సీడీలు కూర్చినవారు వాటినుంచి, లేదా బులెటిన్ బోర్డుల (ఫోన్ లైను ద్వారా ఫైళ్లు పంచుకునే కంప్యూటరు కేంద్రాల) ఫైళ్ల జాబితాలనుంచి వివరణలు సేకరించి, చాలాసార్లు ఒకే వరుసకు కుదించి క్యాటలాగ్‌లో పెట్టేవారు. అందుచేత మీరు వెతుకుతున్నది ప్రోగ్రాముల లోపల కాదు, వాటి గురించి ఎవరో రాసిన ఆ ఒక్క వరుసలో. ఫ్లాపీల జాబితా తయారుచేసే ప్రోగ్రామును ఒక రచయిత ‘డిస్క్ లైబ్రేరియన్’ అంటాడు, ఇంకొకరు ‘డిస్కెట్ ఆర్గనైజర్’ అంటారు, మరొకరు ‘ఫైల్ ఫైండర్’ అని సరిపెడతారు. వెతకబోయే ముందు ఒక కాగితం మీద ఇటువంటి మాటలు నాలుగైదు రాసుకోండి. ఈ పనికి కేటాయించిన రెండు నిమిషాలు తర్వాత అరగంటను మిగులుస్తాయి.

ఆ మాటలను కూడా పూర్తిగా టైప్ చేయవద్దు. క్యాటలాగ్ అనే మాటను అమెరికన్లు పొట్టిగా, బ్రిటిష్ వారు చివర మరో రెండు అక్షరాలు కలిపి రాస్తారు; పొట్టి రూపం ఇస్తే రెండూ దొరుకుతాయి, పొడుగు రూపం ఇస్తే మొదటివన్నీ జారిపోతాయి. కలర్ అనే మాటకైతే మొదటి నాలుగక్షరాల దగ్గరే ఆపాలి. అలాగని మరీ కుదించినా చిక్కే. సీ, ఏ, టీ అనే మూడక్షరాలే ఇచ్చారనుకోండి, అప్లికేషన్, లొకేషన్ అనే మాటల నడుమ కూడా ఆ మూడక్షరాలూ ఉన్నాయి కనుక అక్కరలేని ఫైళ్లెన్నో వచ్చి చేరతాయి. ప్రింట్ అని వెతికితే స్ప్రింట్ అనే పేరుగల ప్రోగ్రామూ వస్తుంది. నాలుగైదు అక్షరాల మాటమొదలు సాధారణంగా సరిపోతుంది.

వందల ఫలితాలు వచ్చినప్పుడు మాట మార్చడం కంటే వెతికే చోటును తగ్గించడం మేలు. చాలా మెనూలలో మొదట విభాగాల పట్టిక ఉంటుంది: ఆటలు, విద్య, వర్డ్ ప్రాసెసింగ్, డిస్క్ యుటిలిటీలు అన్నట్లుగా. సీడీ మొత్తంలో వెతకడం, ప్రస్తుత విభాగంలో మాత్రమే వెతకడం అనే రెండు అవకాశాలూ ఉన్నాయేమో ఎఫ్1 నొక్కి సహాయపుటలో చూడండి. రెండు మాటలను ‘అండ్’తో కలిపే వీలుంటే అదీ అక్కడే రాసి ఉంటుంది. ఆ వీలు లేకపోతే రెండింటిలో అరుదైన మాటను ఇవ్వండి. మీ విషయంలో డిస్క్ అనే మాట ఆ సీడీలో ఎక్కడ చూసినా ఉంటుంది, లైబ్రేరియన్ అనేది కొన్నిచోట్లే ఉంటుంది. వెతుకులాటను ఫైళ్ల పేర్లలో మాత్రమే చేయాలా, వివరణలలోనూ చేయాలా అని అడిగే మెనూలూ ఉన్నాయి. పేర్లలో మాత్రమే చూసేలా అమర్చి ఉంటే మంచి మాట ఇచ్చినా ఫలితం రాదు కాబట్టి ఆ అమరికను ముందుగానే సరిచూసుకోవాలి.

దొరికిన ఫైలు పేరును కూడా చదవడం నేర్చుకోవాలి. డాస్‌లో పేరుకు 8 అక్షరాలు, చుక్క తర్వాత 3 అక్షరాలే అవకాశం. సీడీలో ఫైళ్లను అమర్చే ప్రమాణమైన ఐఎస్ఓ 9660 పద్ధతిలోని మొదటి స్థాయి కూడా ఇదే హద్దును పాటిస్తుంది. అందుకే రచయితలు పేరు ముక్కనూ వెర్షన్ సంఖ్యనూ ఆ ఎనిమిదిలోనే ఇమిడ్చేవారు. 1993లో వచ్చిన, జిప్ ఫైళ్లు తయారుచేసే పీకేజిప్ అనే ప్రోగ్రాము 2.04జీ వెర్షన్ ఫైలుకు ‘పీకేజెడ్204జీ’ అన్న పేరు అలా వచ్చిందే. ఒకే ప్రోగ్రాము రెండుమూడు రూపాలలో కనిపించినప్పుడు పెద్ద సంఖ్య ఉన్నదాన్ని తీసుకోండి. పక్కనున్న తేదీని నేను అంతగా నమ్మను, ఎందుకంటే సంకలనం చేసినవారు జిప్‌ను మళ్లీ కట్టినప్పుడు తేదీ మారిపోయి ఉండవచ్చు.

ఎంచుకున్న ఫైలును విప్పమని మెనూను అడిగినప్పుడు, ఏ ఫోల్డరులోకి విప్పాలో కూడా మీరే చెప్పండి. సీడీ మీద ఏదీ రాయలేము కనుక గమ్యాన్ని సి డ్రైవ్‌లోని ఒక ఖాళీ ఫోల్డరుగా పెట్టకపోతే, చాలాసార్లు వెతుకులాట సవ్యంగా ముగిసిన తర్వాత ఈ చివరి అడుగులో ప్రోగ్రాము ఆగిపోతుంది.

సందేహం: ఇటువంటి సీడీలోని మెనూ ప్రోగ్రాము మీద డబుల్ క్లిక్ చేస్తే, ఈ కంప్యూటరులో ఇది పనిచేయదని విండోస్ చెబుతోంది. సీడీ పాడైందా?

జవాబు: సీడీ బాగానే ఉండి ఉంటుంది. అది 16 బిట్ డాస్ ప్రోగ్రాము. 64 బిట్ విండోస్‌లో అటువంటి వాటిని నడిపే భాగం లేదు, విండోస్ 11 అయితే 64 బిట్ రూపంలోనే వచ్చింది. ఉచితంగా లభించే డాస్‌బాక్స్ దీనికి తగిన మార్గం. అయితే దానికంటే ముందు సీడీని ఒక ఐఎస్ఓ ఫైలుగా (సీడీ మొత్తానికి ఒకే ఫైలు రూపంలోని నకలు) కాపీ చేసుకోండి. పాత సీడీ గీతలు పడి ఒక్కో ఫైలుకు ఒక్కోసారి మొరాయిస్తుంది, మళ్లీ మళ్లీ తిప్పడం దానికి మంచిదీ కాదు. ఇది నేను గట్టిగా చెప్పే సలహా.

తర్వాత మీ హార్డ్ డిస్కులో కొత్త ఫోల్డరు ఒకటి తయారుచేసి, డాస్‌బాక్స్‌లో ‘మౌంట్’ అనే ఆదేశంతో దానిని సి డ్రైవ్‌గా, ‘ఐఎంజీమౌంట్’ ఆదేశంతో ఐఎస్ఓ ఫైలును డి డ్రైవ్‌గా చూపించండి. రెండో ఆదేశం చివర అడ్డగీత, టీ, ఖాళీ, ఆ తర్వాత ఐఎస్ఓ అని చేర్చడం మరిచిపోవద్దు. మీ అసలు హార్డ్ డిస్కు మొత్తాన్ని సి డ్రైవ్‌గా ఇవ్వకండి. పాత ప్రోగ్రాము ఏదైనా పొరపాటున ఫైళ్లు చెరిపితే నష్టం ఆ ఒక్క ఫోల్డరుకే పరిమితం కావాలి. మెనూ విప్పిన ఫైళ్లన్నీ అదే ఫోల్డరులో మీకు బయటినుంచి కూడా కనిపిస్తాయి, వాటిని యాంటీవైరస్‌తో ఒకసారి పరీక్షించుకోవడమూ తేలికవుతుంది.

పెద్ద క్యాటలాగ్‌లో వెతుకులాట మరీ నెమ్మదిగా సాగితే కంట్రోల్‌తో ఎఫ్12 నొక్కి వేగం పెంచవచ్చు. దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ఇబ్బంది కూడా ఒకటుంది: మెనూ తెరవగానే ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అని వచ్చి ఆగిపోతే, అది టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ సాధనంతో రాసిన ప్రోగ్రామనీ, వేగమైన ప్రాసెసరు మీద మొదలయ్యేటప్పుడు వేసుకునే కాలం లెక్క తప్పుతోందనీ అర్థం. కంట్రోల్‌తో ఎఫ్11 నొక్కి వేగం తగ్గించి మళ్లీ ప్రయత్నించండి. మౌస్ డాస్‌బాక్స్ కిటికీలో చిక్కుకుంటే కంట్రోల్‌తో ఎఫ్10 దానిని విడిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లలో ఈ ఎఫ్ మీటలతో పాటు ఎఫ్‌ఎన్ మీటను కూడా పట్టుకోవలసి రావచ్చు.

సందేహం: నా సీడీలో మెనూ ప్రోగ్రామే లేదు. ఫోల్డర్లు, జిప్ ఫైళ్లు మాత్రమే ఉన్నాయి. ఒక్కొక్కటీ తెరిచి చూడాలా?

జవాబు: అవసరం లేదు. ప్రతి ఫోల్డరులోనూ ‘ఫైల్స్’ అనే పేరు, ‘బీబీఎస్’ అనే చివర ఉన్న ఫైలు గానీ, ‘00 ఇండెక్స్’ అనే టెక్స్ట్ ఫైలు గానీ ఉందేమో చూడండి. మెనూలు చూపేది చాలావరకు వీటిలోని సమాచారాన్నే. మామూలు టెక్స్ట్ ఎడిటరులో ఇవి తెరుచుకుంటాయి. పట్టికల గీతలుండవలసిన చోట వింత అక్షరాలు కనిపిస్తే ఎడిటరులో కోడ్ పేజీని (ఏ సంఖ్యకు ఏ అక్షరం చూపాలో చెప్పే పట్టిక) 437కు మార్చండి. అన్ని ఫోల్డర్లలోని సూచికలలో ఒకేసారి వెతకడానికి విండోస్‌లో ‘ఫైండ్‌స్ట్ర్’, లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ‘గ్రెప్’ ఆదేశం ఉపయోగపడతాయి. రెండింటిలోనూ అక్షరాల పెద్దా చిన్నా తేడా పట్టించుకోవద్దని చెప్పే ‘ఐ’ గుర్తును తప్పక చేర్చండి, ఎందుకంటే ఆ కాలపు పేర్లు ఎక్కువగా పెద్దక్షరాలలో ఉంటాయి. మెనూ ఉన్న సీడీతో కూడా, వెతుకులాట ముందుకు సాగనప్పుడు నేను సూచికనే నేరుగా చదువుతాను; మెనూ చూపని ఫైళ్లు కూడా అందులో కొన్నిసార్లు బయటపడతాయి.

సూచిక కూడా లేని డిస్కులు పదులకొద్దీ ఉంటే, ఉచితంగా దొరికే ‘వర్చువల్ వాల్యూమ్స్ వ్యూ’ వంటి క్యాటలాగ్ ప్రోగ్రాముకు వాటిని ఒక్కొక్కటిగా చూపించండి. అది ఫైళ్ల పేర్లను నమోదు చేసుకుంటుంది కనుక, తర్వాత డిస్కు డ్రైవులో లేకపోయినా వెతకవచ్చు. మొదలుపెట్టే ముందే ప్రతి డిస్కు కవరు మీద ఒక సంఖ్య వేసి, క్యాటలాగ్‌లోనూ అదే సంఖ్యను పేరుగా ఇవ్వండి. ఫైలు ఏ డిస్కులో ఉందో తెరమీద కనిపించినా, ఆ డిస్కు పెట్టెలో ఎక్కడుందో మీకు చెప్పగలిగేది ఆ సంఖ్యే.